నీటి తీరువాకు లెక్క చెప్పేదెవరు?

సాగునీటికి రైతు ఎంత చెల్లించాలో నిర్ణయించేది ప్రభుత్వం. ఏ ప్రాజెక్టు కట్టాలో, దానికి ఎంత వెచ్చించాలో తేల్చేదీ ప్రభుత్వమే. కట్టిన కాలువల నిర్వహణకు నిధులు ఇవ్వవలసిందీ అదే. ఈ మూడు నిర్ణయాలకూ కలిపి ప్రజలకు ఒకేచోట లెక్క చూపే ఏర్పాటు మాత్రం లేదు. తీరువా పెంపు, మాఫీ గురించి సభల్లో జరిగినంత చర్చ ఆ తీరువా వెనుక ఉన్న ఖర్చుపై జరగడం లేదు. ఈ నేపథ్యంలో చట్టాలు ఏం చెబుతున్నాయి, ఎవరు ఎవరికి జవాబుదారీ, ఆయకట్టు రైతు ఎక్కడ ఏమి అడగవచ్చు అన్న అంశాలపై కథనం.

తీరువా పూర్వాపరాలు

గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, కృష్ణపై బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. కాలువ నీటితో మెట్ట భూములు మాగాణి కావడంతో సర్కారుకు రాబడి పెరిగింది. నీటిపై ప్రత్యేక సుంకం వసూలు చేసేందుకు మద్రాసు ప్రభుత్వం 1865లో చట్టం చేసింది. పెట్టుబడికి తగిన ప్రతిఫలం ఖజానాకు వస్తుందా అన్నదే నాటి పాలకుల ప్రధాన కొలమానం. రైతుకు లెక్క చెప్పవలసిన బాధ్యత నాటి పద్ధతిలో లేదు.

స్వాతంత్ర్యం తరువాత పరిస్థితి తారుమారైంది. పెద్ద ప్రాజెక్టులు వచ్చాయి గానీ తీరువా రేట్లు ఏళ్ల తరబడి కదలలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రాంతానికో తీరుగా ఉన్న పద్ధతుల స్థానంలో 1988లో నీటి పన్ను చట్టం వచ్చింది. నీటి వనరులను రెండు తరగతులుగా విభజించి, పంటను బట్టి ఎకరాకు ఇంత అని రేటు కట్టారు. 1996లో ఈ రేట్లను ఒక్కసారిగా మూడు రెట్లకు పైగా పెంచారు. ఒకటో తరగతి వనరు కింద తొలి పంట వరికి ఎకరాకు 60 రూపాయలుగా ఉన్న తీరువా 200 రూపాయలైంది. రెండో పంటకు 150, ఆరుతడి పంటకు 100 రూపాయలుగా నిర్ణయించారు.

ఈ పద్ధతిలో తీరువా విస్తీర్ణాన్ని బట్టి పడుతుందే తప్ప వాడిన నీటిని బట్టి కాదు. కాలువ మొదట్లో నిండుగా పారించుకున్న రైతుకూ, చివరి భూముల్లో అరకొర తడితో గట్టెక్కిన రైతుకూ రేటు ఒక్కటే.

వెనక్కి రావలసిన సొమ్ము

తీరువా పెంచినప్పుడు ప్రభుత్వం రైతుకు ఒక హామీ ఇచ్చింది. వసూలైన సొమ్ము తిరిగి కాలువలకే వస్తుందన్నది దాని సారాంశం. దీనికి చట్టరూపమే 1997 నాటి సాగునీటి వ్యవస్థల్లో రైతుల యాజమాన్య చట్టం. ఆ ఏడాది జూన్‌లో రాష్ట్రవ్యాప్తంగా పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. వాటిపైన డిస్ట్రిబ్యూటరీ కమిటీలు, ఆపైన ప్రాజెక్టు కమిటీలు ఉంటాయి. తీరువాలో సంఘానికి, పై కమిటీలకు, గ్రామ పంచాయతీకి వాటాలు పంచే విధానం రూపొందింది.

చట్టం ప్రకారం సంఘం చేయవలసిన పనులు స్పష్టంగానే ఉన్నాయి. నీటి పంపిణీ వరుస ఖరారు చేయడం, మరమ్మతుల ప్రణాళిక సిద్ధం చేయడం, ఆయకట్టు రైతుల జాబితా నిర్వహించడం, తీరువా డిమాండు తయారీలో రెవెన్యూ శాఖకు సహకరించడం, జమాఖర్చులకు ఏటా ఆడిట్ చేయించడం అందులో ముఖ్యమైనవి. రెవెన్యూ, నీటిపారుదల సిబ్బంది, సంఘం ప్రతినిధులు కలిసి పొలాల్లో తిరిగి సాగు విస్తీర్ణం తేల్చే ఉమ్మడి ఆజ్మాయిషీ ఈ మొత్తం లెక్కకు పునాది. ఆజ్మాయిషీ సరిగా జరగకపోతే డిమాండు తప్పుతుంది. డిమాండు తప్పితే వసూలు, వాటా రెండూ తప్పుతాయి.

చిక్కు ఇక్కడే ఉంది. వసూలు చేసేది రెవెన్యూ శాఖ, కాలువ చూసేది నీటిపారుదల శాఖ, నిధులు విడుదల చేసేది ఆర్థిక శాఖ. గట్టు తెగినా, షట్టరు పాడైనా, పూడిక తీయకున్నా ఎవరిని అడగాలో రైతుకు అంతుపట్టదు. ఎన్నికైన సంఘం ఉంటే కనీసం నిలదీసేందుకు ఒక వేదిక ఉంటుంది. సంఘాలకు గడువు తీరిన తరువాత ఎన్నికలు జరగక ఆ వేదిక కూడా ఏళ్ల తరబడి కొరవడిన సందర్భాలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో సంఘాలకు తిరిగి ఎన్నికలు నిర్వహించారు.

ఎత్తిపోతలతో మారిన లెక్క

తీరువా ఎంత ఉండాలన్న ప్రశ్నకు ప్రణాళికా సంఘం నియమించిన వైద్యనాథన్ కమిటీ 1992లో ఒక సమాధానం చెప్పింది. నిర్వహణ ఖర్చుతో పాటు పెట్టుబడిలో ఒక శాతం రాబట్టేలా రేట్లు ఉండాలని, నీరు నమ్మకంగా అందేలా చేసిన తరువాతే రేట్లు పెంచాలని ఆ కమిటీ ఆలోచన. 2002 జాతీయ జల విధానం కూడా ముందుగా నిర్వహణ ఖర్చు, ఆ తరువాత పెట్టుబడిలో కొంత భాగం రాబట్టాలని పేర్కొంది.

వాలుకు పారే కాలువల కాలంలో ఈ సూత్రం కొంతవరకు సాధ్యమే. ఎత్తిపోతల పథకాలు వచ్చాక లెక్క మారిపోయింది. ఒక టీఎంసీ నీటితో ఆరు వేల ఎకరాల వరి పండుతుందనుకుంటే, ఎకరాకు 200 చొప్పున వచ్చే తీరువా 12 లక్షల రూపాయలు. అదే టీఎంసీని వంద మీటర్ల ఎత్తుకు తోడాలంటే, మోటార్ల నష్టాలు కలపకుండానే సుమారు 77 లక్షల యూనిట్ల విద్యుత్తు కావాలి. యూనిట్ ఆరు రూపాయలనుకున్నా అది 4 కోట్ల 60 లక్షల రూపాయలు, అంటే ఎకరాకు దాదాపు 7,700 రూపాయలు. తీరువాను ఎన్ని రెట్లు పెంచినా ఈ అంతరం పూడేది కాదు. మాఫీ చేసినా ఖర్చు పోదు, ఖజానాపై పడుతుంది.

అంటే నీటి అసలు ధర తీరువా ఉత్తర్వులో తేలడం లేదు. ప్రాజెక్టు మంజూరు చేసిన రోజే అది ఖరారవుతోంది. రైతు నుంచి ఎంత వసూలు చేయాలన్న దానికన్నా, ఆ పెట్టుబడిని ఎవరు పరిశీలించి ఆమోదించారన్నదే పెద్ద ప్రశ్న.

ఆడిట్ చెప్పిన నిజాలు

ఈ ప్రశ్నను క్రమం తప్పకుండా అడుగుతున్న రాజ్యాంగ సంస్థ కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, అంటే కాగ్. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో మొదలైన జలయజ్ఞంపై 2012 సంవత్సరపు నివేదికలో కాగ్ తన పరిశీలన వెల్లడించింది. 86 ప్రాజెక్టులను దాదాపు 1.86 లక్షల కోట్ల అంచనాతో చేపట్టగా, అవసరమైన అనుమతులు లేకుండానే అనేక పనులు ప్రారంభించారని, ఫలితంగా జాప్యం, వ్యయం పెరిగాయని తప్పుపట్టింది.

తెలంగాణలో కాళేశ్వరం పథకంపై కాగ్ నివేదిక 2024 ఫిబ్రవరిలో శాసనసభ ముందుకు వచ్చింది. మొత్తం వ్యయం 1.47 లక్షల కోట్లు దాటవచ్చని, వెచ్చించే ప్రతి రూపాయికి 52 పైసల ప్రయోజనమే దక్కుతుందని అది లెక్కగట్టింది. అంతకు కొద్ది నెలల ముందే, 2023 అక్టోబరులో, ఇదే పథకంలోని మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగాయి.

కాగ్ నివేదిక రాజ్యాంగం 151వ అధికరణ కింద గవర్నర్ ద్వారా శాసనసభకు చేరుతుంది. ప్రజా పద్దుల సంఘం దానిని పరిశీలిస్తుంది. ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. ఆడిట్ జరిగే నాటికి సొమ్ము ఖర్చయిపోయి ఉంటుంది. ఖర్చుకు ముందే బహిరంగంగా ప్రశ్నించే వ్యవస్థ కావాలన్న వాదన అక్కడి నుంచే పుట్టింది.

నియంత్రణ సంస్థలు ఎంతవరకు?

విద్యుత్ ఛార్జీలకు నియంత్రణ మండలి ఉన్నట్టే నీటికీ స్వతంత్ర సంస్థ ఉండాలన్నది ఈ వాదన. దేశంలో మొదట మహారాష్ట్ర 2005లో ఇందుకు చట్టం చేసింది. అక్కడి జలవనరుల నియంత్రణ ప్రాధికార సంస్థ నిర్వహణ ఖర్చు పూర్తిగా వచ్చేలా ఛార్జీలు నిర్ణయించాలి, మూడేళ్లకోసారి సమీక్షించాలి. కొత్త ప్రాజెక్టులు రాష్ట్ర జల ప్రణాళికకు అనుగుణంగా ఉన్నాయో లేదో పరిశీలించే అధికారమూ దానికి ఇచ్చారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా 2009లో జలవనరుల నియంత్రణ కమిషన్ చట్టం చేసింది. ఇటువంటి సంస్థలు నెలకొల్పే రాష్ట్రాలకు ప్రోత్సాహకంగా 13వ ఆర్థిక సంఘం 5 వేల కోట్ల రూపాయల గ్రాంటు సిఫారసు చేసింది. 2012 జాతీయ జల విధానం ప్రతి రాష్ట్రంలోనూ ఇది ఉండాలంది.

చట్టం ఉన్నంత మాత్రాన జవాబుదారీతనం రాదని మహారాష్ట్ర అనుభవమే చెబుతోంది. సమగ్ర జల ప్రణాళిక సిద్ధం కాకుండానే ప్రాజెక్టులకు ప్రాధికార సంస్థ అనుమతులిచ్చిన తీరు బొంబాయి హైకోర్టు దాకా వెళ్లింది. భారీగా ఖర్చు చేసినా సాగు విస్తీర్ణం పెరగలేదన్న వివాదంపై 2012లో ఆ రాష్ట్ర ఉప ముఖ్యమంత్రి అజిత్ పవార్ రాజీనామా చేయవలసి వచ్చింది. మన దగ్గర 2009 చట్టం వచ్చినా తీరువాపై అంతిమ నిర్ణయం ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయింది. విద్యుత్ ఛార్జీల విషయంలో ఏటా జరిగే బహిరంగ విచారణ వంటిది సాగునీటికి రాలేదు.

రైతు అడగదగినవి

వ్యవస్థ పూర్తిగా లేకపోయినా అడిగేందుకు దారులున్నాయి. సమాచార హక్కు చట్టం 2005లోని 4వ సెక్షన్ ప్రకారం బడ్జెట్, ఖర్చుల వివరాలను కార్యాలయాలు తామే వెల్లడించాలి. లేనిపక్షంలో దరఖాస్తు చేసుకోవచ్చు. 2005 నాటి రాష్ట్ర నిబంధనల్లో గ్రామ స్థాయి కార్యాలయాలకు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాల్లో 10 రూపాయలుగా నిర్ణయించారు. సమాధానానికి గడువు 30 రోజులు.

తహసీల్దారు కార్యాలయంలో: గ్రామానికి వేసిన తీరువా డిమాండు, వసూలు, బకాయి, ఆజ్మాయిషీ జరిగిన తేదీ.

నీటిపారుదల డివిజన్ కార్యాలయంలో: కాలువ నిర్వహణకు మంజూరైన సొమ్ము, చేసిన పనులు, కొలతల పుస్తకం నకలు.

నీటి సంఘంలో: వాటాగా వచ్చిన సొమ్ము, ఆడిట్ నివేదిక.

ప్రాజెక్టు కార్యాలయంలో: తొలి అంచనా, సవరించిన అంచనా, ఎత్తిపోతలైతే ఏటా విద్యుత్ బిల్లు.

ఈ నాలుగు కాగితాలు పక్కపక్కన పెడితే ఏ ఊరి తీరువా ఏ కాలువకు చేరిందో, ఏది చేరలేదో తెలిసిపోతుంది. రాజ్యాంగం 265వ అధికరణ చట్టం లేకుండా పన్ను వేయరాదని చెబుతోంది. చట్టం ప్రకారం వేసిన పన్నుకు లెక్క చూపడం పాలకుల దయ కాదు, బాధ్యత. తీరువా పెంచినా, తగ్గించినా, రద్దు చేసినా ఆ నిర్ణయంతో పాటే కాలువ ఖర్చును, దాన్ని ఎవరు భరిస్తారన్నదానిని ప్రకటించాలని ఆయకట్టు రైతులు అడగవచ్చు.