గుండె చప్పుడే రొద అయినచోట

1905లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ పట్టణంలో విల్లెం ఐంతోవెన్‌కి ఒక చిక్కు వచ్చిపడింది. గుండె పుట్టించే విద్యుత్తును గీతగా చూపించే యంత్రం ఆయన దగ్గరుంది. రోగులేమో కిలోమీటరున్నర దూరంలో, ఆసుపత్రిలో ఉన్నారు. యంత్రం బరువు దాదాపు 270 కిలోలు. దాన్ని అక్కడికి మోసుకెళ్లలేరు, మంచాన పడ్డవాళ్లని ప్రయోగశాలకి తీసుకురాలేరు. అందుకని ఆయన సిగ్నల్‌నే రప్పించుకున్నాడు. రోగి చేతులూ కాళ్లూ ఉప్పునీళ్ల తొట్టెల్లో పెట్టుకుని ఆసుపత్రిలో కూచుంటే, టెలిఫోన్ తీగల మీదుగా వచ్చిన గీత ప్రయోగశాలలో పడింది. దానికి టెలికార్డియోగ్రామ్ అని పేరు.

దీన్ని టెలిమెడిసిన్‌కి తొలి అడుగుగా చెప్తుంటారు. నాకు మాత్రం ఇందులో యంత్రం కంటే తీగ మీదే ఆసక్తి. గుండె నుంచి చర్మం దాకా వచ్చేది సుమారు ఒక మిల్లీవోల్టు. అంత పల్చటి సిగ్నల్ అంత దూరం నడిచొస్తే దారిలో ఏమేం అంటుకోవాలి? ఈ ప్రశ్నకి జవాబు కావాలంటే వైద్యాన్ని కాసేపు పక్కనపెట్టి టెలిఫోన్ చరిత్రలోకి వెళ్లాలి.

తొలి టెలిఫోన్లకి ఒక్కటే తీగ. కరెంటు తిరిగొచ్చే దారి భూమి. అదే భూమిని టెలిగ్రాఫులూ వాడుకునేవి. 1888లో అమెరికాలోని రిచ్‌మండ్‌లో ఎలక్ట్రిక్ ట్రాములు మొదలయ్యాక, అవీ పట్టాల ద్వారా అదే నేలలోకి కరెంటు వదిలాయి. ఫోన్ ఎత్తితే మనిషి గొంతుతో పాటు ఊరి రొదంతా వినపడేది. దీనికి మందు అప్పటికే ఉంది. 1881లో గ్రాహం బెల్ ఒక పేటెంట్ తీసుకున్నాడు: రెండు తీగలు వాడండి, వాటిని తాడులా పేనండి.

ఎందుకు పేనాలో ఇంజనీరింగ్‌లో చదివే ఉంటాం. 1831లో ఫారడే చెప్పిన మాట: ఒక తీగ చుట్టులోంచి వెళ్లే అయస్కాంత క్షేత్రం మారితే, ఆ చుట్టులో వోల్టేజి పుడుతుంది. చుట్టు ఎంత పెద్దదైతే రొద అంత పెద్దది. తీగల్ని పేనితే ఒక పెద్ద చుట్టు బోలెడు బుల్లి చుట్లుగా విడిపోతుంది. పక్కపక్క చుట్లలో పుట్టిన వోల్టేజీలు ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

దానికి ఏడాది ముందు, 1880లో, ఆలివర్ హెవిసైడ్ ఇంగ్లండ్‌లో ఇంకో దారి పేటెంట్ చేశాడు: ఒక తీగ చుట్టూ లోహపు తొడుగు, అంటే మన కోయాక్సియల్ కేబుల్. ఆయన కాలేజీ మొహం చూడని మాజీ టెలిగ్రాఫ్ ఉద్యోగి. వీళ్లిద్దరికంటే ముందు, 1836లో, ఫారడే పన్నెండడుగుల ఘనాకారపు గది కట్టి, దానికి లోహం చుట్టి, బయట విద్యుత్తు నిప్పులు చెరుగుతుంటే తాను లోపల నిలబడి చూశాడు. సున్నితమైన పరికరం కూడా లోపల ఏమీ పసిగట్టలేదు.

గది, తొడుగు, పేనిన తీగ: ఈ మూడూ ఇవాళ ఏ ఎమ్మారై గదిలోనైనా కనిపిస్తాయి. 1.5 టెస్లాల యంత్రం శరీరంలోని హైడ్రోజన్ నుంచి వినేది సుమారు 64 మెగాహెర్ట్జ్ దగ్గర, 3 టెస్లాలదైతే 128 దగ్గర. మన ఎఫ్ఎమ్ స్టేషన్లు సరిగ్గా ఈ రెంటి మధ్యన పాడుతుంటాయి. అందుకే గది గోడల్లో రాగిరేకు. కానీ గోడకి కన్నం పెట్టి ఒక్క మామూలు తీగ లోపలికి లాగామా, అది యాంటెన్నాలా బయటి రేడియోనంతా మోసుకొస్తుంది, రాగి గోడ వృథా. కాబట్టి తీగలన్నీ గోడలో ఫిల్టర్లున్న పలక గుండానే రావాలి, లేదా విద్యుత్తు బదులు వెలుతురు మోసే ఫైబర్ వాడాలి. పైగా, కాపలా కాయాల్సిన తొడుగు మీదే రొద ప్రయాణించగలదు. దాన్ని ఆపడానికి కేబుల్ మీద అక్కడక్కడా ఆ ఫ్రీక్వెన్సీకే ట్యూన్ చేసిన ‘కేబుల్ ట్రాప్’లు పెడతారు.

2003లో ఎమ్మారైకి లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్‌లకి నోబెల్ వచ్చింది. తనని వదిలేశారని డమాడియన్ పేపర్లలో పెద్ద పెద్ద ప్రకటనలే ఇచ్చాడు. సిగ్నల్ ఎవరిదన్న దాని మీద ఇంత గొడవ. రొదని ఆపిన పనికి మాత్రం ఎవరూ పోటీకి రారు. ఆ పని బాగా జరిగితే కనపడదు మరి.

కథ అసలు మలుపు తిరిగింది 1993లో. బోస్టన్‌లో ఐవ్స్ బృందం ఎమ్మారై నడుస్తుండగానే రోగి ఈఈజీ తీసింది. మూర్ఛరోగుల మెదడులో అప్పుడప్పుడూ మెరిసే విద్యుత్తు ఎక్కడ మొదలవుతోందో చూడాలంటే ఈ రెండూ ఒకేసారి కావాలి. ఈఈజీ సిగ్నల్ 50 మైక్రోవోల్టులు అనుకుందాం. స్కానర్ లోపల క్షేత్రం సెకనుకి 20 టెస్లాల చొప్పున మారుతుంటే, 10 చదరపు సెంటీమీటర్ల చుట్టులో పుట్టే వోల్టేజి 20 మిల్లీవోల్టులు. నాలుగొందల రెట్లు!

లండన్‌లో ఆలెన్, ఆయన సహచరులు 2000లో ప్రచురించిన ఉపాయం చూడ్డానికి చాలా సులువు. స్కానర్ రొద ప్రతిసారీ ఒకేలా తిరిగొస్తుంది కాబట్టి దాని సగటు తీసి, అసలు రికార్డులోంచి తీసేయడం. సాఫ్ట్‌వేర్‌వాణ్ణి కాబట్టి నాకిది ముచ్చటేస్తుంది. కానీ ‘తర్వాత కోడ్‌లో చూసుకుందాం’ అనే మా వృత్తి ధీమా ఇక్కడ చెల్లదు. తీగల చుట్టు పెద్దదై యాంప్లిఫయర్ హద్దు దాటితే గీత పైభాగం తెగిపోతుంది. తెగిపోయినదాన్ని ఏ కోడూ తిరిగి అతికించలేదు. ముందు తీగలు దగ్గరగా పేనాలి, ఆ తర్వాతే గణితం. పైగా ఇది బొమ్మ నాణ్యత సంగతి మాత్రమే కాదు. స్కానర్‌లో చుట్ట చుట్టుకున్న కేబుల్ వేడెక్కి చర్మాన్ని కాల్చగలదు.

స్కానర్ రొద పోయాక కూడా ఒకటి మిగిలింది. గుండె కొట్టుకున్నప్పుడల్లా తలా, తీగలూ పిసరంత కదులుతాయి. అంత బలమైన క్షేత్రంలో ఆ కదలికే వోల్టేజి అవుతుంది. దాన్ని మూర్ఛ మెరుపు అనుకుంటే మెదడు పటంలో తప్పు చోట గుర్తు పడుతుంది. దీన్ని తీసేసే పద్ధతిని ఆలెన్ బృందం అంతకు రెండేళ్ల ముందే, 1998లో, ఇచ్చింది. అక్కడ నాకు ఐంతోవెన్ గుర్తొచ్చాడు. కిలోమీటరున్నర తీగ మీద ఆయన అపురూపంగా తెప్పించుకున్న ఆ గుండె కొట్టుకోవడమే తొంభై ఏళ్లకి వదిలించుకోవాల్సిన రొద అయింది. అయితే ఆ రొద ఏ క్షణంలో వస్తుందో తెలియాలంటే రోగి ఒంటికి ఈసీజీ తగిలించాల్సిందే. ఐంతోవెన్ గీత ఇంకా ఆ గదిలోనే ఉంది, ఈసారి ఏది తీసేయాలో చెప్పడానికి.