సందూఖ్‌లో దాగిన కాగజ్, వారిసులకు అందని హఖ్

బీమా అన్నది ఫార్సీ నుంచి వచ్చిన లఫ్జ్. ‘బీమ్’ అంటే భయం, ఖతరా. దాని చుట్టూ తిరిగే రసీదు, దస్తావేజు, హక్కు, వారసుడు, వసూలు, జమా కూడా ఫార్సీ, అరబీల నుంచి వచ్చి తెలుగులో స్థిరపడ్డ మాటలే. మాటలు మన నోట్లో ఇంతగా ఇమిడిపోయినా, సత్తెనపల్లి నుంచి మాచర్ల దాకా మన ఖాందాన్లలో ఇంటిపెద్ద ఇంతెకాల్ అయ్యాక ఒక సవాల్ మాత్రం తరచూ వినపడుతుంది: “అబ్బా ఏదో పాలసీ కట్టేవారు, ఆ కాగజ్ ఎక్కడుందో?” చెహ్లుమ్ అయిపోతుంది, ఆ సవాల్ కూడా మరుగున పడుతుంది. బేవా అయిన అమ్మీకి ఆసరా కావలసిన రఖం ఏదో దఫ్తర్‌లో అలాగే ఉండిపోతుంది. దాని జాడ తీయాలంటే ఆ కాగజ్ ఏ జమానాలో, ఎవరి దగ్గర పుట్టిందో తెలియాలి. అందుకే ఈ తారీఖ్.

అన్నిటికంటే పాత దారి పోస్టాఫీసుది. తపాలా ఉద్యోగుల కోసం అంగ్రేజీ సర్కార్ 1884 ఫిబ్రవరి 1న పోస్టల్ లైఫ్ ఇన్సూరెన్స్ మొదలుపెట్టింది. తర్వాత మిగతా సర్కారీ నౌకరీలవాళ్ళకూ అది అందింది. పల్లెల్లో ఉండేవాళ్ళ కోసం 1995 మార్చి 24న గ్రామీణ తపాలా బీమా వచ్చింది. కాబట్టి మర్హూమ్ పల్లెటూరి మనిషి అయితే ముందు అడగాల్సింది ఊరి పోస్టాఫీసులోనే.

అటు నిజాం రియాసత్‌లో 1907లో సర్కారీ ములాజిముల ఖాందాన్ల కోసం ఫ్యామిలీ పెన్షన్ ఫండ్ పెట్టారు. 1913లో అది హైదరాబాద్ స్టేట్ లైఫ్ ఇన్సూరెన్స్ ఫండ్ అయింది. నేటి ఏపీజీఎల్‌ఐకి జడ అదే. ఈ రోజు పల్నాడులో టీచర్‌గానో గుమాస్తాగానో చేసి పోయిన మనిషి జీతం స్లిప్పులో ‘ఏపీజీఎల్‌ఐ’ అన్న కోత కనిపిస్తే, అది నిజాం జమానాలో మొదలైన ఆ ఫండ్ వారసత్వమే. బాండు ఇంట్లో లేకపోయినా స్లిప్పు మీది నంబరు చాలు, వెతుకులాట మొదలుపెట్టవచ్చు.

మూడో దారి బందరుది. బందరు అన్నదీ ఫార్సీ మాటే, ఓడరేవు అని అర్థం. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో అక్కడ ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ స్థాపించారు. మన తాతల కాలం పాలసీల మీద ఇలాంటి కంపెనీల పేర్లే ఉండేవి. 1956 జనవరి 19న కేంద్రం ఒక ఆర్డినెన్స్‌తో జీవిత బీమా మొత్తాన్ని తన చేతిలోకి తీసుకుంది. ఆ ఏడాది సెప్టెంబర్ 1న ఎల్‌ఐసీ పుట్టింది. దేశీ, విదేశీ కంపెనీలు, ప్రావిడెంట్ సొసైటీలు కలిపి 245 సంస్థలు అందులో విలీనమయ్యాయి. కంపెనీ పేరు పోయింది గానీ అది ఇచ్చిన వాదా పోలేదు. పాత పాలసీల బాధ్యత ఎల్‌ఐసీ మీద పడింది, ఎల్‌ఐసీ పాలసీలకు కేంద్ర సర్కార్ జమానత్ ఉందని ఖానూన్‌లోనే రాశారు. ఎల్‌ఐసీ డివిజన్ ఆఫీసు నేటికీ మచిలీపట్నంలో ఉంది.

మరి ఇంత పక్కాగా ఉన్న కాగజ్ మన ఇళ్ళల్లో ఎందుకు గుమ్ అవుతుంది? ఒక కారణం గురించి మనం బాహాటంగా మాట్లాడుకోం. బీమా జాయిజా, నాజాయిజా అన్న బహస్ పాతదే. 1985 డిసెంబర్‌లో జెద్దాలో ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ, స్థిరమైన ప్రీమియంతో నడిచే వ్యాపార బీమా హరామ్ అనీ, దాని బదులు ఒకరికొకరు తోడుండే పద్ధతి మేలనీ తీర్మానించింది. ఉలమాల్లో ఇఖ్తిలాఫ్ ఉంది, దాన్ని తేల్చడం నా పని కాదు. అయితే ఈ బహస్ నడుమ కొందరు పెద్దలు పాలసీ కట్టి, జమాత్‌లో మాట పడుతుందని ఇంట్లో కూడా చెప్పలేదు. తెలిసింది ఏజెంటుకు ఒక్కడికే. ఆ ఏజెంటూ పోతే ఇద్దరితోపాటు ఆ సంగతీ మట్టిలో కలిసిపోయింది. నాజాయిజ్ అనే ముఫ్తీలు కూడా మర్హూమ్ కట్టిన అసలు సొమ్ము తరకాలో భాగమేనంటారు. పైన వచ్చేదాని గురించి మీ ముఫ్తీ సాబ్‌ను అడగండి. అంతేగానీ సిగ్గుపడి వెతకడం మానేస్తే పోయేది యతీముల హఖ్.

వెతికేటప్పుడు పాలసీ కాగితం ఒక్కటే చూడకండి. బ్యాంకు పాస్‌బుక్‌లో ఏటా ఒకే తేదీకి పడే కోత, జీతం స్లిప్పు, పాత రసీదు, ఇన్‌కం టాక్స్ కాగితాలు చూడండి. మే నెలాఖరున 436 రూపాయలు కట్ అయి ఉంటే అది 2015లో వచ్చిన ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. మొదట్లో ఆ ప్రీమియం 330. అందులో వారిసులకు వచ్చేది 2 లక్షలు. 20 రూపాయల కోత అయితే ప్రమాద బీమా. ఖాతా తెరిచిన రోజు ఏ కాగితం మీద సంతకం పెట్టారో మర్హూమ్‌కే యాద్ ఉండకపోవచ్చు. అడగాల్సింది ఆ బ్యాంకు బ్రాంచిలోనే.

ఎవరూ అడగని సొమ్మును పేరు, పుట్టిన తేదీ ఇచ్చి వెతికే సౌకర్యం బీమా కంపెనీల వెబ్‌సైట్లలో ఉంటుంది. ఇక్కడ మన పేర్లతో ఒక చిక్కు. షేక్ అని ఒకచోట, ఎస్‌కే అని ఇంకోచోట, ఇంటిపేరు ముందొకసారి వెనకొకసారి. పుట్టిన తేదీ బడి రికార్డులో ఒకటి, ఆధార్‌లో జనవరి 1. అన్ని రకాలుగా రాసి చూడండి. దొరకకపోయినా మాయూస్ కావద్దు. మనిషి పోయిన సంగతి కంపెనీకి తెలియకపోతే, పాలసీ గడువు ఇంకా తీరకపోతే, ఆ పేరు ఆ జాబితాకే ఎక్కదు. అప్పుడు డెత్ సర్టిఫికెట్‌తో బ్రాంచికి వెళ్ళి రాతపూర్వకంగా అడగాల్సిందే. బాండు పోయినా క్లెయిము పోదు, దాని బదులు ఇండెమ్నిటీ బాండు రాయించుకుంటారు.

ఆలస్యానికీ ఒక హద్దుంది. పదేళ్ళు ఎవరూ అడగని బీమా సొమ్ము, 2015 ఫైనాన్స్ చట్టం కింద పెట్టిన సీనియర్ సిటిజన్స్ వెల్ఫేర్ ఫండ్‌కు వెళ్తుంది. అక్కడికి చేరాక కూడా 25 ఏళ్ళ వరకు కంపెనీ ద్వారా అడిగి తీసుకోవచ్చు. ఆ తర్వాత అది సర్కార్‌దే.

రఖం చేతికొచ్చాకే అసలు ఇంతెహాన్. నామినీగా పేరున్న పెద్దకొడుకు ‘నా పేరు మీద వచ్చింది’ అంటాడు. 1983లో సర్బతీ దేవి కేసులో సుప్రీంకోర్టు దీనికి జవాబిచ్చింది. పదేసి వేల పాలసీలు రెండు, నామినీ భార్య, హఖ్ అడిగింది తల్లి. నామినీ సొమ్ము అందుకునే చేయి మాత్రమే, అది విరాసత్ ఖానూన్ ప్రకారం వారిసులందరిదీ అని కోర్టు తేల్చింది. మన జబాన్‌లో చెప్పాలంటే నామినీ అమీన్, సొమ్ము అమానత్. 2015 సవరణలో తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, పిల్లలు నామినీలైతే వాళ్ళకే హక్కు అన్న మాట చేరింది. అది విరాసత్‌ను దాటుతుందా అన్నదాని మీద కోర్టుల్లో వాదాలు నడిచాయి. మన ఇంటి హిసాబ్ మాత్రం సాఫ్: ముందు కఫన్ దఫన్ ఖర్చు, తర్వాత ఖర్జ్, ఆ తర్వాత మూడో వంతు మించని వసీయత్, మిగిలింది వాటాలు. ఇవ్వకుండా మిగిలిన మహర్ కూడా ఖర్జే. పిల్లలున్న బేవాకు ఎనిమిదో వంతు ఆ మహర్ తీరాక లెక్కపెట్టాలి, బేటీల వాటా వాళ్ళ చేతికే ఇవ్వాలి.

ఇక బతికున్న మన వంతు. ఒక తెల్లకాగితం మీద పాలసీ నంబర్లు, కంపెనీ, బ్రాంచి, ప్రీమియం తేదీ, నామినీ పేరు రాయండి. కింద మీరు ఎవరికి ఎంత బాకీనో కూడా రాయండి. అది ఏ సందూఖ్‌లో పెట్టారో మీ బేగంకీ, ఒక బేటాకీ, ఒక బేటీకీ ఈ జుమా లోపే చెప్పండి.