రాస్‌బెర్రీ పై మీద ఏది నడుస్తుంది?

2012 ఫిబ్రవరి 29న రాస్‌బెర్రీ పై 35 డాలర్లకు అమ్మకానికి వచ్చినప్పుడు అందులో హార్డ్ డిస్క్ లేదు, ఆపరేటింగ్ సిస్టమ్ లేదు. ఎస్‌డీ కార్డు మీద ఏది రాసి పెడితే అదే నడవాలి. ఆ స్వేచ్ఛకు చిప్ గీసిన హద్దులున్నాయి. చిన్న బోర్డుల చరిత్ర తిరగేస్తే ఆపరేటింగ్ సిస్టమ్‌ను ముందు ఎంచింది ఎప్పుడూ ప్రాసెసరే. కొన్నవాళ్ల ఇష్టానికి వంతు ఆ తర్వాతే వచ్చింది.

పీసీలో బయాస్ ఉంటుంది కాబట్టి ఒకే లినక్స్ డిస్క్ ఏ మిషన్‌లో పెట్టినా దాదాపుగా నడుస్తుంది. రాస్‌బెర్రీ పై లాంటి ఆర్మ్ ప్రాసెసర్ బోర్డులకు అలాంటి ఉమ్మడి ఏర్పాటు లేదు. ఒక్కో తయారీదారు తన బోర్డు కోసం లినక్స్ కెర్నల్‌కు అతుకులు వేసుకుంటూ పోయారు. ఆ గజిబిజి మీద 2011లో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ బహిరంగంగానే కోప్పడ్డారు. బోర్డు వివరాలను కెర్నల్ కోడ్‌లో కలపకుండా విడి ఫైలులో రాసే డివైస్ ట్రీ పద్ధతి ఆర్మ్ లోకంలో ఆ తర్వాతే ఊపందుకుంది.

రాస్‌బెర్రీ పై విషయంలో చిక్కు మరింత లోతైనది. దాని బ్రాడ్‌కామ్ చిప్‌లో ఉన్నది ఆర్మ్ వి6 తరం ప్రాసెసర్. లినక్స్ పంపిణీల్లో ఒకటైన డెబియన్‌లో అప్పటికి ఆర్మ్ కోసం రెండు రూపాలున్నాయి. కొత్తదానికి వి7 ప్రాసెసర్ తప్పనిసరి. పాతది నడుస్తుంది గానీ, దశాంశ లెక్కల కోసం చిప్‌లో ఉన్న ప్రత్యేక విభాగాన్ని వాడుకోదు. ఆ లెక్కలన్నీ సాఫ్ట్‌వేర్‌తోనే, నెమ్మదిగా చేస్తుంది. ఉబుంటుకూ వి7 కావాల్సిందే. కెనడాలోని సెనెకా కాలేజీ వాళ్లు ఫెడోరా రీమిక్స్ సిద్ధం చేశారు. ఆర్మ్ ప్రాసెసర్ పుట్టిన ఏకార్న్ సంస్థలోనే పుట్టిన రిస్క్ ఓఎస్ కూడా అదే ఏడాది పై మీదికి చేరింది. రెండింటి ఊరూ కేంబ్రిడ్జే. పై పుట్టిందీ అక్కడే.

దారి చూపింది మాత్రం మైక్ థాంప్సన్, పీటర్ గ్రీన్. డెబియన్ ప్యాకేజీలను వి6కు సరిపడేలా, దశాంశ లెక్కలు చిప్‌లోనే జరిగేలా మళ్లీ కంపైల్ చేయడం మొదలుపెట్టారు. 2012 జూన్ నాటికి 35,000కు పైగా ప్యాకేజీలు తయారయ్యాయి. అదే రాస్పియన్. రాస్‌బెర్రీ పై ఫౌండేషన్ ఉద్యోగులు కాని వాళ్లు చేసిన ఈ పనిని ఫౌండేషన్ వెంటనే తన సిఫార్సుగా స్వీకరించింది. రాస్‌బెర్రీ పై విజయానికి ధరనే కారణంగా చెప్పేవాళ్లు ఈ శ్రమను మరిచిపోకూడదని నా గట్టి అభిప్రాయం. చవక బోర్డులు తర్వాత చాలా వచ్చాయి. వాటిలో అనేకం తయారీదారు ఒకసారి ఇచ్చి వదిలేసిన పాత కెర్నల్ దగ్గరే ఆగిపోయాయి. ఆర్మ్‌బియన్ వంటి స్వచ్ఛంద ప్రయత్నాలు కొన్నింటిని ఆదుకున్నాయి.

2015లో నాలుగు కోర్ల వి7 ప్రాసెసర్‌తో పై 2 వచ్చాక తలుపులు తెరుచుకున్నాయి. ఉబుంటు వచ్చింది, మైక్రోసాఫ్ట్ విండోస్ 10 ఐఓటీ కోర్ ఇచ్చింది. సినిమాలు చూసేందుకు లిబ్రెఎలెక్, పాత ఆటలకు రెట్రోపై ఇలా పనిని బట్టి ఎంచుకునే వీలూ పెరిగింది. 2016 నాటి పై 3 ప్రాసెసర్ 64 బిట్లదే అయినా, అధికారిక సిస్టమ్ 32 బిట్ల దగ్గరే ఉండిపోయింది. అందరికీ ఒకే కార్డు పనిచేయాలన్న పట్టుదలే అందుకు కారణం. రాస్పియన్ 2020 మేలో రాస్‌బెర్రీ పై ఓఎస్‌గా పేరు మార్చుకుంది. 64 బిట్ల రూపం ప్రయోగ దశ దాటి స్థిరపడింది 2022 ఫిబ్రవరిలో.

నేడు పై 4, పై 5 ఉన్నవాళ్లకు 64 బిట్ల రూపమే మేలు. 2015లో 5 డాలర్లకు వచ్చిన పై జీరోలో మాత్రం ఉన్నది ఆ పాత వి6 ప్రాసెసరే. దాని మీద 64 బిట్ల రూపం గానీ ఉబుంటు గానీ నడవవు. దానికి ఇప్పటికీ 32 బిట్ల రాస్‌బెర్రీ పై ఓఎస్సే ప్రధాన దిక్కు.