బొగ్గుపులుసు వాయువునకు కళ్లెము

నంద్యాల జిల్లాలోని బండి ఆత్మకూరు ప్రాంతపు పొలములకు కర్నూలు–కడప కాలువ నీరు పారును. 19వ శతాబ్దమున మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు నీటిపారుదలకును, పడవల రాకపోకలకును త్రవ్వించిన కాలువ ఇది. 1882లో ప్రభుత్వము దీనిని స్వాధీనము చేసికొనెను. పడవలు ఎన్నడో మాయమైనవి, నీరు మిగిలినది. తెలుగునాట ఇట్టి కాలువల మందకొడి నీటిలోను, చెరువులలోను హైడ్రిల్లా, వాలిస్నేరియా మొదలగు మొక్కలు నీటి అడుగుననే పుట్టి అడుగుననే పెరుగును. వాడుకలో వీనినన్నిటిని నాచు అనియే అందురు. పారుదలకు అడ్డు గనుక రైతునకు నాచు పీడ. సైన్సు ఉపాధ్యాయునకు మాత్రము అది కాసు ఖర్చులేని పరికరము.

హైడ్రిల్లా రెమ్మలను బీకరులోని నీటిలో ఉంచి, వానిపై గాజు గరాటును బోర్లించి, గరాటు కాడపై నీరు నిండిన పరీక్షనాళికను తలక్రిందుగా నిలిపి ఎండలో పెట్టినచో, బుడగలు పైకి లేచి నాళికలో ఆమ్లజని చేరును. నీటిలో చిటికెడు వంటసోడా వేసిన బుడగలు మరింత జోరుగా వచ్చును. ఆ చిటికెడు సోడా ఎందుకని అడుగు విద్యార్థులు అరుదు. గాజుతొట్టిలో చేపలతోబాటు నీటి మొక్కలను పెంచువారు ఉక్కు సిలిండరును, దానికొక రెగ్యులేటరును కొనుటకు కారణము ఆ సోడాలోనే ఉన్నది. ఏ రెగ్యులేటరు కొనవలెనన్న ప్రశ్న వచ్చినప్పుడు అంగడివాని మాట వినుటకు ముందు దాని చరిత్ర తెలిసికొనుట మేలు.

నీటిలోని ఆకులనుండి బుడగలు వచ్చుటకు ఎండ కావలెనని ఇంగెన్‌హౌస్ అను డచ్చి వైద్యుడు 1779లో ప్రకటించెను. ఆ బుడగలు ఎక్కడివి? జెనీవా నగరమున మతగురువుగాను, గ్రంథాలయాధికారిగాను ఉండిన సెనెబియే ఈ ప్రశ్నను పట్టుకొనెను. కాచి చల్లార్చిన నీటిలో ఆకులుంచినచో ఎండ ఎంత ఉన్నను బుడగలు రాలేదు. ఆ నీటిలో బొగ్గుపులుసు వాయువును కరిగించినంతనే మరల వచ్చెను. 1782లో అతడు ప్రకటించిన ఈ ఫలితము వలన నీటి మొక్కకు ఆహారము నీటిలో కరిగిన బొగ్గుపులుసు వాయువే అని తేలెను. వంటసోడా చేయు పని గూడ ఆ వాయువును సమకూర్చుటయే.

నేలమీది మొక్కకు ఈ చిక్కు లేదు. గాలి వీచుచునే ఉండును. నీటిలోనో, ఈ వాయువు గాలిలో కంటె సుమారు పదివేల రెట్లు మెల్లగా వ్యాపించును. పైగా గాలి తాకుచున్న నిలువ నీటిలో అది లీటరుకు అర మిల్లీగ్రాముకు కొంచెము పైగా మాత్రమే కరిగియుండును. లండనులో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రవేత్త గాజుతొట్టిలో బంగారు చేపలను, వాలిస్నేరియాను, నత్తలను కలిపి పెంచి, నీరు మార్చకనే అవి బ్రతుకుటను 1850లో వర్ణించెను. అక్కడ మొక్కకు కావలసిన వాయువును చేపల ఊపిరియే కొంత ఇచ్చినది. దట్టముగ మొక్కలు నాటిన తొట్టికి ఆ ఊపిరి చాలదు. అప్పుడే సిలిండరు అవసరమగును.

ఈ వాయువును రాతినుండి వెలికి దీసినవాడు స్కాట్లండు దేశపు జోసెఫ్ బ్లాక్. సున్నపురాయిని కాల్చినను, దానిపై ఆమ్లము పోసినను ఒక గాలి వెలువడుననియు, అది రాతిలో బంధింపబడియున్నదనియు అతడు 1756లో ప్రకటించెను. నంద్యాల ప్రాంతమువారికి ఈ రాయి కొత్త కాదు. విలియం కింగ్ 1872లో ప్రకటించిన భూగర్భ గ్రంథమున కడప, కర్నూలు శిలలను వర్ణించెను. నార్జి సున్నపురాయి, కోయిలకుంట్ల సున్నపురాయి అను పేర్లు భూగర్భ శాస్త్రమున నేటికిని నిలిచియున్నవి. సున్నపుబట్టీ పొగలో కలిసి పోవునదియు బ్లాక్ బంధించిన గాలియే.

తరువాతి పని దానిని ఒత్తిడికి లొంగదీయుట. ప్రీస్ట్‌లీ 1767లో లీడ్స్ నగరపు బీరు బట్టీ తొట్లపై నిలిచిన ఈ వాయువును నీటిలో కలిపి సోడా నీరు చేసెను. పీడనము హెచ్చినకొలది కరుగు వాయువు హెచ్చునను నియమమును విలియం హెన్రీ 1803లో చెప్పెను. 1870 ప్రాంతమున హిరమ్ కాడ్ అను ఆంగ్లేయుడు గోలీసోడా సీసాను కల్పించెను. లోపలి వాయువు గోలీని రబ్బరు వలయమునకు ఒత్తి, తన దారిని తానే మూసికొనును. సోడా బండివాని చేతిలోని ఆ సీసా ఒక చక్కని కవాటము. పల్లెటూరి విద్యార్థికి కవాటము బోధించుటకు ఇంతకంటె మంచి వస్తువు దొరకదు.

ఫారడే 1823లో ఈ వాయువును ద్రవముగా మార్చెను. పారిస్‌లో తిలోరియే 1835లో ద్రవమును గడ్డకట్టించెను. 1840లో అదే నగరమున ఇట్టి యంత్రమొకటి పేలి, దానిని నడుపుచున్న ప్రయోగశాల సహాయకుడు మరణించెను. లోపలి పీడనమెంతయో తెలియకను, దానికి తగిన పాత్ర లేకను చేసిన పనికి ఒక ప్రాణము మూల్యమైనది.

ఆండ్రూస్ 1869లో కనుగొన్న విషయము నంద్యాలవంటి ఊళ్లకు మరీ ముఖ్యము. ఈ వాయువు 31 సెంటీగ్రేడు డిగ్రీలు దాటినచో, ఎంత ఒత్తినను ద్రవము కాదు. 20 డిగ్రీల వద్ద సిలిండరులో ద్రవముపై పీడనము వాతావరణ పీడనమునకు సుమారు 56 రెట్లు. 31 డిగ్రీల వద్ద సుమారు 73 రెట్లు. నంద్యాల వేసవిలో 40 డిగ్రీలు సామాన్యము. అట్టి ఎండలో లోపల ద్రవమే ఉండదు. పీడనము సిలిండరును ఎంత నింపిరో దానిపై ఆధారపడి ఇంకను పెరుగును. అందుచే 3 లీటర్ల నీరు పట్టు సిలిండరులో సుమారు 2 కిలోగ్రాములకు మించి ఈ వాయువును నింపరు. ఎండపడు కిటికీ ప్రక్క దానిని నిలుపుట అవివేకము.

ఇంతటి పీడనమును మెత్తపరచు పనికి బీరు పీపాలే కారణమైనవి. జర్మనీలోని ల్యూబెక్ నగరమున 1889లో హైన్రిచ్ డ్రేగర్ సంస్థ, పీపాలనుండి బీరును ఒకే పీడనముతో తోయుటకు లుబెకా అను కవాటమును తయారుచేసెను. ఇందు ఒక పలుచని పొర, దానిని నొక్కు తీగచుట్ట, చిన్న ద్వారమును మూయు బిరడా ఉండును. బయటి వైపు పీడనము హెచ్చినచో పొర వెనుకకు జరిగి ద్వారము మూతపడును. తగ్గినచో తీగచుట్ట దానిని తెరచును. నేటి రెగ్యులేటర్ల మూలసూత్రము ఇదియే.

ఇక ఎన్నిక విషయము. వంటింటి గ్యాసు రెగ్యులేటరు కొద్దిపాటి పీడనమునకే చేయబడినది. దానిని ఈ సిలిండరునకు బిగించుట ప్రాణాపాయము. బొగ్గుపులుసు వాయువునకని చేసినదే కొనవలెను. దానిలో ఒకే అంచె కలవి, రెండంచెలు కలవి అని రెండు రకములు. సిలిండరులో ద్రవమున్నంత వరకు, ఉష్ణోగ్రత మారనిచో, లోపలి పీడనము మారదు. కావున ఒకే అంచె చక్కగా పనిచేయును. ద్రవము అయిపోయి పీడనము పడిపోవునప్పుడు చిక్కు వచ్చును. అంతవరకు లోపలి పీడనమే బిరడాను ద్వారమునకు ఒత్తుచు మూతకు తోడ్పడుచుండును. ఆ తోడు సడలగనే బయటి పీడనము పెరుగును. తొట్టిలోకి వాయువు విపరీతముగా పోవును. మొక్కలకు లీటరుకు 30 మిల్లీగ్రాముల వరకు మేలని తొట్టి పెంపకందారులు లెక్కింతురు. అది మించినచో చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచును. తెల్లవారునప్పటికి చచ్చి తేలవచ్చును. రెండంచెల రకములో మొదటి అంచె పీడనమును కొంత దించి రెండవదానికి ఇచ్చుటచే ఈ హెచ్చుతగ్గు చాలవరకు అణగును. ధర ఎక్కువే గాని, చేపలున్న తొట్టికి ఇదియే తగినది.

పీడనమాపకము చూచి వాయువు ఎంత మిగిలినదో చెప్పబోవుట పొరపాటు. ద్రవమున్నంత వరకు అది ఉష్ణోగ్రతనే చెప్పును. మిగిలినది తెలియుటకు సిలిండరును తూచవలెను. సన్నని సూదికవాటము లేనిదే బుడగలను లెక్కించి వదలుట సాధ్యము కాదు. రాత్రివేళ మొక్కలే ఈ వాయువును విడుచును గనుక, దీపముతోబాటు ఆగిపోవు విద్యుత్కవాటము ఉండుట మంచిది. దీపము మందమైనచో మాత్రము ఇవన్నియు వృథా. వెలుతురు, వాయువు, ఉష్ణోగ్రతలలో ఏది కొరవడినదో అదియే మొక్క వేగమును కట్టివేయునని బ్లాక్‌మన్ 1905లోనే చూపెను.

సున్నపురాతి పొరలనుండి వచ్చు బావి నీటిలో బైకార్బనేటులు హెచ్చు. హైడ్రిల్లా, వాలిస్నేరియాలు అవసరమైనప్పుడు ఆ బైకార్బనేటునుండియు కర్బనమును తీసికొనగలవు. కావున కాలువ నాచుతో తొట్టి నింపుకొను పాఠశాలకు ఏ రెగ్యులేటరును అక్కరలేదు. గరాటు, నాళిక, చిటికెడు వంటసోడా చాలును.