డన్‌స్టన్‌బరో కోట: కాపలా కోసమా, కనబడటం కోసమా?

ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో, నార్తంబర్లాండ్‌లో, క్రాస్టర్ అనే చిన్న జాలరి ఊరుంది. దాని రేవు నుంచి ఉత్తరంగా పచ్చిక మీద ఒక కాలిబాట సాగుతుంది. కుడిపక్క సముద్రం, ఎడమపక్క గొర్రెలు మేసే బీళ్లు. సుమారు 2 కిలోమీటర్లు నడిస్తే డన్‌స్టన్‌బరో కోట వస్తుంది. సందర్శకుల బండ్లు అక్కడిదాకా వెళ్లవు, ఎవరైనా కాలినడకన చేరాల్సిందే. ఊరు దాటగానే కోట సింహద్వారపు జంట బురుజులు ఆకాశం అంచున కనిపిస్తాయి. అక్కడి నుంచి దారి పొడవునా కంటి ముందే ఉంటాయి. ఇంత దూరం నుంచి ఇలా కనబడాలని కట్టించినవాడు కోరుకున్నాడా, లేక నేల వాటం వల్ల అలా కుదిరిందా? నడిచేవారికి ఈ ప్రశ్న తట్టక మానదు.

బయలుదేరే రేవు దగ్గర ఒక్క క్షణం ఆగాలి. 1904లో టిబెట్ మీదికి బ్రిటిష్ ఇండియా పంపిన సైనిక యాత్రలో క్రాస్టర్ కుటుంబానికి చెందిన కెప్టెన్ జాన్ క్రాస్టర్ మరణించాడు. ఆయన జ్ఞాపకార్థం ఆ కుటుంబం 1906లో ఈ రేవు కట్టించింది. మన దేశపు వలస చరిత్ర ఇంత మారుమూల రాతిగోడ దాకా వచ్చి ఆగిందని తెలిసినప్పుడు మనసు బరువెక్కుతుంది.

ఇక కోట సంగతి. దీన్ని కట్టించినవాడు లాంకాస్టర్ ఎర్ల్ థామస్, రాజు రెండో ఎడ్వర్డ్‌కు దగ్గరి బంధువు. 1312లో రాజుకు అత్యంత ఇష్టుడైన పియర్స్ గావెస్టన్‌ను చంపించినవారిలో థామస్ ముఖ్యుడు. మరుసటి ఏడాదే, 1313లో, ఇక్కడ పని మొదలైంది. ఆనాటి జమాఖర్చుల్లో మేస్త్రీ ఎలియాస్ పేరు కనిపిస్తుంది. బురుజులతో కోట కట్టుకోవడానికి రాజు అనుమతి వచ్చింది మాత్రం పని మొదలయ్యాకే. థామస్ ఇక్కడ స్థిరంగా కాపురమున్నట్టు ఆధారాలు లేవు. రాజుపై తిరగబడి 1322లో బరోబ్రిడ్జ్ యుద్ధంలో ఓడి పట్టుబడ్డాడు, పాంటిఫ్రాక్ట్‌లో తల తీశారు. ఇక్కడి వరకు కాగితాల బలం ఉంది. ఎందుకు కట్టించాడన్నది మాత్రం ఏ కాగితమూ చెప్పదు. దానికి నేలను అడగాలి.

కోట కూర్చున్నది విన్ సిల్ అనే నల్లరాతి పొర మీద. సుమారు 29 కోట్ల ఏళ్ల కిందట కరిగిన శిల భూమి పొరల మధ్యకు చొచ్చుకొచ్చి గడ్డకట్టిన డోలరైట్ అది. తెలంగాణ గ్రానైట్ గుట్టల మధ్య నల్లని వరుసలుగా సాగే రాయి కూడా ఈ జాతిదే. ఉత్తరాన ఆ రాయి నిట్టనిలువుగా సముద్రంలోకి తెగి ఉంటుంది, ఇప్పుడది సముద్రపక్షుల నెలవు. అటు గోడ అవసరం పెద్దగా లేదు. కాబట్టి రక్షణ కోసమే ఈ చోటు ఎంచుకున్నారని తేలిగ్గా అనిపిస్తుంది.

అయితే 2003 నుంచి ఇంగ్లిష్ హెరిటేజ్ పురావస్తు శాస్త్రవేత్తలు కోట చుట్టూ నేలను కొలిచినప్పుడు మరో చిత్రం బయటపడింది. పడమర వైపు పల్లాలు ఇప్పుడు ఒట్టి బురదనేలలా ఉంటాయి. అవి మనుషులు తవ్వి, గట్లు పోసి చేసిన మూడు మడుగులని తేలింది. దూరపు ఊటనీటిని కాలువ ద్వారా తెచ్చి వాటిని నింపేవారు. అప్పట్లో కోట దాదాపు ద్వీపంలా ఉండేది. నీటి అంచున నడిచి వచ్చే అతిథికి పైన బురుజులు, కింద వాటి నీడ కలిసి కనిపించేవి. శత్రువును ఆపడానికి కందకం చాలు. ఇంత పరచుకున్న నీరు హోదా చాటడానికే అన్నది ఆ పరిశోధకుల మొగ్గు. వాయవ్యాన ఉన్న లిల్‌బర్న్ బురుజు నుంచి ఉత్తరాన రాజుగారి బాంబరో కోట కనిపిస్తుంది. రాజుతో వైరం పెట్టుకున్న మనిషి కట్టించిన కోటకు ఇది యాదృచ్ఛికమేనా?

ఈ వాదన నాకు నచ్చుతుంది. అందుకే దాన్ని గట్టిగా తట్టి చూడాలి. మడుగులు చేపలకూ పనికొస్తాయి, శత్రువు రాకనూ ఆలస్యం చేస్తాయి. ఆ ఏళ్లలో స్కాట్లండ్ దాడులు ఊహ కాదు, నార్తంబర్లాండ్ పల్లెలు నిజంగానే తగలబడ్డాయి. సుమారు 10 ఎకరాల ప్రాకారంలో కట్టడాలు కొద్ది, ఖాళీయే ఎక్కువ. ఆ ఖాళీ పశువులతో పారిపోయి వచ్చే జనం తలదాచుకోవడానికి అనుకోవడం కూడా సమంజసమే.

1380లలో కోట తర్వాతి యజమాని జాన్ ఆఫ్ గాంట్ చేసిన మార్పు ఇక్కడ కీలక సాక్ష్యం. ఆయన సింహద్వారం దారిని గోడతో మూసేశాడు, ఆ కట్టడాన్నే లోపలి కోటగా మార్చి, పక్కన వేరే ప్రవేశం పెట్టాడు. అంత ఘనమైన వాకిలి అరవై డెబ్బై ఏళ్లకే రక్షణకు చాలలేదని దీన్నిబట్టి అనవచ్చు. అవసరాలు మారాయని కూడా అనవచ్చు. రెండూ కాదనలేను. ఆడంబరమూ భయమూ ఒకే మనిషిలో ఉండగలవు, ఒకే గోడలోనూ ఉండగలవు. నిష్పత్తి తేల్చడానికి మాత్రం ఇప్పుడున్న ఆధారాలు చాలవు.

ఇంగ్లండ్ సింహాసనం కోసం జరిగిన గులాబీ యుద్ధాల ముట్టడుల తర్వాత కోట శిథిలమైంది. 1538 నాటికే అధికారులు దీన్ని బాగా పాడైన ఇల్లుగా రాశారు. 1797లో ఇక్కడికి వచ్చిన చిత్రకారుడు టర్నర్ చిత్రాల్లో మనం చూసేది ఆ శిథిలాన్నే, థామస్ చూపదలచిన కోటను కాదు. నేటి బాట కూడా దక్షిణం నుంచి నేరుగా సింహద్వారానికి తీసుకెళ్తుంది. చాలామంది అక్కడే ఫోటో తీసుకుని వెనుదిరుగుతారు. వీలైతే కోట దాటి పడమర అంచున ఎంబుల్టన్ తీరం వైపు మరో అర కిలోమీటరు నడవండి. శీతకాలపు వానలు పడ్డాక ఆ పల్లంలో నీళ్లు నిలుస్తాయి. గాలి ఆగిన వేళ అక్కడ నిలబడితే, ఆ నీళ్లలో బురుజు నీడ పడుతుందో లేదో మీరే చూసుకోవచ్చు.