తోక లేని మూషికం



ఛందస్సూ వ్యాకరణమూ చెప్పుకునే ఈ పంతులు ఎలుకల వెంట పడ్డాడేమిటని ఆశ్చర్యపోకండి. లాప్‌టాప్‌కు తీగ లేని మౌసు ఒకటి కొనవలసి వచ్చింది. కొనేముందు దాని వంశవృత్తాంతం కొంత తెలుసుకుందామనిపించి వెతికి చదివాను. ఎలాంటి మౌసును ఎంచుకోవాలో ఆ వృత్తాంతమే నాకు చెప్పింది. దాన్ని మీ ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట నా అవసరం మనవి చేస్తాను. భాషాప్రవీణ చదివే రోజుల్లో నాకు ప్రౌఢవ్యాకరణం పాఠం చెప్పిన గురువుగారు ఒక శతకానికి ప్రతిపదార్థ తాత్పర్యాలు వ్రాసుకున్నారు. అవి మూడు నోటు పుస్తకాలు. అచ్చు కాలేదు. మరో ప్రతి లేదు. వారి తదనంతరం నా చేతికి వచ్చాయి. ముట్టుకుంటే కాగితం అంచులు పొడిగా రాలుతున్నాయి. అవి పూర్తిగా శిథిలం కాకముందే లాప్‌టాప్‌లోకి ఎక్కించాలని కూర్చున్నాను.

చిక్కంతా మీటల కింద ఉండే ఆ నున్నని పలకతో వచ్చింది. టైపు చేస్తూండగా అరచేతి అంచు దానికి తగులుతుంది. కర్సర్ ఎక్కడికో దూకుతుంది. నా చూపు నోటు పుస్తకం మీద ఉంటుంది కనుక ఆ సంగతి నాకు తెలియదు. ఒకసారి పదిహేడో పద్యం టీకా నడుమ పద్దెనిమిదో పద్యపు అర్థం నాలుగు పంక్తులు చొరబడింది. వారం తరువాత గాని కనిపెట్టలేదు. తాళపత్ర ప్రతులలో లేఖకప్రమాదాలు ఎలా పుడతాయో ముప్ఫైయేళ్ళు పిల్లలకు వివరించినవాణ్ణి. తీరా నేనే లేఖకుణ్ణి అయ్యేసరికి అదే ప్రమాదం చేశాను. నా తరువాత దీన్ని చదివేవారు ఆ తప్పును గురువుగారిదే అనుకుంటారు గదా! అదీ నా బాధ.

"మౌసు కొనుక్కోండి తాతయ్యా, తీగ లేనిది" అన్నది పదో తరగతి చదువుతున్న మనవరాలు. వెంటనే ఫోను తీసి, "డీపీఐ ఎంత ఉండాలి?" అని అడిగింది. ఎనిమిది వందలట, నాలుగు వేలట, పదహారు వేలట. సంఖ్య పెరిగినకొద్దీ ధర పెరుగుతున్నది. "అంత అవసరమా తల్లీ?" అంటే ఆ పిల్ల దగ్గర సమాధానం లేదు, నా దగ్గరా లేదు. ఆ ప్రశ్నకు జవాబు 1967లోనే దొరికిందని తరువాత తెలిసింది.

మౌసు నిర్మాత పేరు డగ్లస్ ఎంగెల్‌బార్ట్. 1925లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో పుట్టాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నౌకాదళంలో రాడార్ సాంకేతికుడుగా ఫిలిప్పీన్స్‌లో పనిచేశాడు. రాడార్ తెర మీద వెలుగు చుక్కలను చూసిన అనుభవం అతనికి అలా కలిగింది. 1957లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. కంప్యూటరంటే లెక్కలు కట్టే యంత్రమని లోకం అనుకుంటున్న కాలమది. కాదు, మనిషి ఆలోచనకు ఊతమిచ్చే సాధనం కావాలని అతని పట్టుదల. మానవ మేధను పెంపొందించడం గురించి 1962లో ఒక సుదీర్ఘ నివేదిక వ్రాశాడు.

ఆ నివేదికలోని ఒక చిన్న ప్రయోగం నన్ను ఆకట్టుకుంది. పెన్సిలును ఒక ఇటుకకు కట్టి మనుషులచేత వ్రాయించాడు. సహజంగానే వ్రాత మందగించింది, వంకరలు పోయింది. వ్రాసే సాధనం అంత బరువైనదై ఉంటే మన విద్యలూ ఆలోచనలూ మరోలా ఉండేవి కావా అని అతని ప్రశ్న. మనకిది కొత్త మాట కాదు. తాటాకు మీద గంటంతో అడ్డగీతలు గీస్తే ఆకు చీలుతుందనీ, అందుకే మన అక్షరాలు గుండ్రదనం సంతరించుకున్నాయనీ పెద్దలు చెబుతూనే ఉన్నారు. సాధనం చేతిని దిద్దుతుంది, చెయ్యి వ్రాతను దిద్దుతుంది.

తెర మీద ఒక మాటను చూపించి "ఇదిగో, దీన్ని మార్చు" అని యంత్రానికి చెప్పడం ఎలా? ఇదీ ఎంగెల్‌బార్ట్ ముందున్న సమస్య. ఒకదానికొకటి లంబంగా తిరిగే రెండు చక్రాలతో చేతి కదలికను కొలవవచ్చునని అతనికి తోచింది. 1964లో అతని సహచరుడు బిల్ ఇంగ్లిష్ ఆ ఊహకు రూపమిచ్చాడు. అది ఒక చెక్క దిమ్మ. అడుగున రెండు లోహపు చక్రాలు, పైన ఒకే ఒక మీట. తీగ మొదట మణికట్టు వైపు ఉండేది. చేతికి అడ్డు వస్తున్నదని తరువాత ముందు వైపుకు మార్చారు. తోకతో ఉన్న ఆ దిమ్మను ఎవరో ఎలుక అన్నారు. మొదట ఎవరన్నారో తమలో ఎవరికీ జ్ఞాపకం లేదని ఎంగెల్‌బార్టే చెప్పాడు.

ఆ రోజుల్లో ఈ పనికి వేరే సాధనాలు లేకపోలేదు. తెరను తాకి చూపే కాంతికలం ఉంది. పిడి వంటి జాయ్‌స్టిక్ ఉంది. గ్రాఫకాన్ అనే మరొక పరికరం ఉంది. బల్ల కింద మోకాలితో కదిలించే మీటను వీరే తయారు చేసుకున్నారు. తన ఊహలో పుట్టినది గనుక మౌసే గొప్పదని ఎంగెల్‌బార్ట్ అనలేదు. అన్నింటినీ వరుసగా పెట్టి మనుషులచేత వాడించి, గడియారంతో కొలిచారు. ఇంగ్లిష్, ఎంగెల్‌బార్ట్, బెర్మన్ ముగ్గురూ 1967లో ఆ ఫలితాలను ప్రకటించారు.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. ఒకటి, ఆ పరీక్ష బొమ్మలు గీయడానికి సంబంధించినది కాదు, తెర మీది వచనంలో అక్షరాన్నీ పదాన్నీ గుర్తించడానికి సంబంధించినది. అంటే మౌసు పుట్టింది పాఠ పరిష్కర్త కోసం! మన పని కోసమే! రెండు, అలవాటు పడినవారికి మౌసు అన్నిటికంటె వేగంగా, తక్కువ తప్పులతో పనిచేసింది. కొత్తవారు మాత్రం మోకాలిమీటతోను, కాంతికలంతోను మెరుగ్గా చేశారు. అయినా ఆ ముగ్గురూ తేల్చినదేమిటంటే, సాధనాల నడుమ వేగంలోని తేడా అసలు విషయం కాదు. ఆ చేతికి మరే పనులున్నాయి, మీటల మీదినుంచి సాధనం దగ్గరకు చెయ్యి ఎంత సులువుగా వెళ్ళి కుదురుకుంటుంది, ఆ భంగిమలో ఎంతసేపటికి అలసిపోతుంది అన్నవే ముఖ్యం. నా మనవరాలి డీపీఐ ప్రశ్నకు ఇంతకంటె మంచి సమాధానం ఉంటుందా?

1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో సుమారు వెయ్యిమంది ముందు ఎంగెల్‌బార్ట్ తొంభై నిమిషాలపాటు తన వ్యవస్థను ప్రదర్శించాడు. మాటలను చేర్చడం, తీయడం, చోటు మార్చడం ఆ సభ కళ్ళారా చూసింది. న్యాయంగా మరొక మాట కూడా చెప్పాలి. అదే సంవత్సరం అక్టోబరు నాటికే జర్మనీలోని టెలిఫుంకెన్ సంస్థ రోల్‌కూగెల్ పేరుతో బంతి దొర్లే పరికరాన్ని ప్రకటించింది. ఒకే ఊహ రెండు చోట్ల విడివిడిగా మొలకెత్తడం చరిత్రలో అరుదు కాదు. ఎంగెల్‌బార్ట్ పేటెంటు 1970లో మంజూరైంది. అది సంస్థ పేర ఉన్నది, మౌసు లోకమంతా వ్యాపించేసరికి గడువు తీరిపోయింది. అతనికి చెప్పుకోదగిన రాబడి రాలేదు. 1997లో ట్యూరింగ్ పురస్కారం వచ్చింది. 2013లో కాలం చేశాడు. ఆ చెక్క దిమ్మను కట్టిన బిల్ ఇంగ్లిష్ 2020లో వెళ్ళిపోయాడు.

తరువాతి కథ క్లుప్తంగా చెబుతాను. ఇంగ్లిష్ 1971లో జిరాక్స్ వారి పరిశోధనాలయానికి వెళ్ళాడు. అక్కడ చక్రాల స్థానంలో బంతి వచ్చింది. 1973 నాటి ఆల్టో కంప్యూటరుకు మౌసు ఉన్నది. 1984లో మెకింటాష్‌తో అది సామాన్యుల బల్ల మీదికి ఎక్కింది. ఆ బంతికి దుమ్ము పట్టేది. బడిలో కంప్యూటరు గది చూసుకున్న మాస్టార్లు బంతిని బయటకు తీసి, లోపలి కడ్డీలకు చుట్టుకున్న మురికిని గోటితో గీకిన రోజులు మరచిపోరు. బంతి బదులు వెలుగుతో కదలికను కనిపెట్టే మౌసులు 1980 నాటికే తయారైనా, వాటికి గళ్ళో చుక్కలో ఉన్న ప్రత్యేకమైన పలక కావలసి వచ్చేది. 1999లో మైక్రోసాఫ్ట్ ఏ పలకా అక్కరలేని మౌసును అమ్మకానికి తెచ్చింది. లోపల ఒక చిన్న కన్ను సెకనుకు 1500 సార్లు బల్లను చూసి, ఒక చూపుకూ మరొక చూపుకూ ఉన్న తేడానుబట్టి కదలికను లెక్క కడుతుంది.

ఇక తోక సంగతి. 1984లో లాజిటెక్ సంస్థ పరారుణ కిరణాలతో పనిచేసే తీగ లేని మౌసును తయారుచేసింది. మౌసుకూ గ్రాహకానికీ నడుమ పుస్తకం అడ్డు వచ్చినా మాట అందదు. 1991లో అదే సంస్థ రేడియో తరంగాలతో పనిచేసేదాన్ని తెచ్చాక ఆ ఇబ్బంది తొలగింది. ఇప్పటివి ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద నడుస్తాయి. బ్లూటూత్ కూడా ఆ వీధిలోనే ఉంటుంది. వైఫై రద్దీ కూడా కొంత అక్కడే. ఆ రద్దీలో చిక్కకుండా బ్లూటూత్ ఒక పౌనఃపున్యం నుంచి మరొకదానికి దూకుతూ పోతుంది. ఇలా దూకుతూ సంకేతం పంపే పద్ధతికి 1942లో పేటెంటు పొందినవారిలో సినీనటి హెడీ లమార్ ఒకరు. శత్రువులు టార్పెడోలను దారి తప్పించకుండా ఉండాలని ఆమె, సంగీతకర్త జార్జ్ ఆంథైల్ కలిసి ఆ ఉపాయం పన్నారు.

తోక పోయాక ఎలుక అనవచ్చునా? పండితులకు ఈ సందేహం రావాలి. నువ్వుల నెయ్యి నూనె అయింది. ఆ తరువాత కొబ్బరినూనె, ఆముదపునూనె అంటున్నాం, ఎవరికీ ఆక్షేపణ లేదు. ఇదీ అంతే, రూఢి. ముష్ ధాతువుకు దొంగిలించడం అని అర్థం, అందుచేత మూషికం దొంగ అని మనవారు వ్యుత్పత్తి చెబుతారు. ఈ పేరు కొంత సార్థకమే అయింది. బ్లూటూత్ కాని కొన్ని తీగ లేని మౌసుల గ్రాహకాలలోని లోపం ద్వారా పరాయివాళ్ళు దూరం నుంచే కంప్యూటరులోకి మీటల నొక్కులు పంపగలరని 2016లో బాస్టిల్ సంస్థ పరిశోధకులు వెల్లడించారు. కనుక ఊరూ పేరూ లేని చవక సరుకుకు దూరంగా ఉండడం మేలు.

ఈ చరిత్ర వెలుగులో నేను ఎంచుకున్న పద్ధతి ఇది. దుకాణానికి స్వయంగా వెళ్ళాను. మూడు మౌసులను ఒక్కొక్కటి ఐదేసి నిమిషాలు చేతిలో పట్టుకున్నాను. మొదటిది మరీ చిన్నది, వేళ్ళు ముడుచుకుని బొటనవేలి మొదట నొప్పి మొదలైంది. రెండవది రెండు బ్యాటరీలతో బరువుగా ఉండి ఎంగెల్‌బార్ట్ ఇటుకను జ్ఞాపకం చేసింది. మూడవది అరచేతికి ఆనింది, ఒక్క బ్యాటరీతో నడుస్తుంది. డీపీఐ వెయ్యి. అక్షరాల పనికి అది చాలు.

గ్రాహకమున్నది కావాలా, బ్లూటూత్ కావాలా అన్నది మీ లాప్‌టాప్‌నుబట్టి ఉంటుంది. గ్రాహకం పెట్టగానే పనిచేస్తుంది కాని ఒక రంధ్రం ఆక్రమిస్తుంది, పోతే దొరకడం కష్టం. బ్లూటూత్‌కు రంధ్రం అక్కరలేదు, ఒకసారి జత కలపాలి. గ్రాహకం పక్కనే యూఎస్‌బీ 3.0 డిస్కు తగిలిస్తే దాని అలజడి 2.4 గిగాహెర్ట్జ్ మీద పడి మౌసు తడబడవచ్చు. గ్రాహకాన్ని రెండో వైపుకు మార్చి చూడాలి. గాజు బల్ల మీద మామూలు మౌసులు నిలకడగా పనిచేయవు, కింద ఒక అట్ట వేయండి.

అన్నిటికంటె ముఖ్యమైనది చివరకు చెబుతున్నాను. మౌసు కొన్నంత మాత్రాన నా కష్టం తీరలేదు. మీటల కింద పలక అలాగే మేలుకొని ఉన్నది. విండోస్ అమరికలలో టచ్‌ప్యాడ్ అనే చోట, మౌసు తగిలించి ఉన్నప్పుడు ఆ పలక పనిచేయాలా అక్కరలేదా అని ఒక గడి ఉంటుంది. అందులోని గుర్తు తీసివేయాలి. మనవరాలు అది తీసివేసిన రోజునుంచి కర్సర్ దూకడం మానింది.

పద్దెనిమిదో పద్యపు నాలుగు పంక్తులను మౌసుతో పట్టి వాటి చోటికి చేర్చాను. తరువాత మొదటి నోటు పుస్తకాన్ని మొదటినుంచీ మూలంతో సరిచూశాను. అలాంటివి మరి రెండు దొరికాయి. రెండింటినీ సవరించాను. నిన్నటినుంచి రెండవ పుస్తకం మొదలుపెట్టాను. మీలో ఎవరి ఇంట్లోనైనా ఇటువంటి వ్రాతప్రతులుంటే, చేతికి సరిపోయే సాధనం చూసుకుని వెంటనే కూర్చోండి. కాగితం మనకోసం ఆగదు.

స్వస్తి.