ఛాయాచిత్రకళ, స్వయంప్రచురణ: ఒక పాత కథ

"చేతిలో ఫోను ఉన్న ప్రతివాడూ ఛాయాగ్రాహకుడే. తీసినదెల్లా ఆ నిమిషమే పదిమందికీ చూపుతున్నాడు. ఇక కళకు చోటెక్కడిది?" అన్న ఆక్షేపణ తరచుగా వినబడుతున్నది. ఇందులో నిజం లేకపోలేదు. అయితే ఇది కొత్త మాట కాదు. నూట ముప్పయ్యేళ్ళ క్రితమే అమెరికాలోను, ఐరోపాలోను పెద్దలు ఈ విధంగానే వాపోయారు. ఆ కథ తెలిస్తే, నేటి గొడవలో పాతదేదో, నిజంగా కొత్తదేదో వేరుచేసి చూడవచ్చునని ఈ టపా రాస్తున్నాను.

తొలినాళ్ళలో ఫోటో తీయడమంటే ఒక చిన్న యజ్ఞమే. గాజుపలకకు రసాయనం పూయాలి, అది ఆరకముందే చిత్రం తీయాలి, వెంటనే చీకటిగదిలో కడగాలి. తరువాత పొడిపలకలు వచ్చి ఆ తొందర తప్పినా, బరువైన సరంజామా, శాస్త్రజ్ఞానం, డబ్బు అన్నీ కావలసినవే. మన సికింద్రాబాదులో స్టూడియో నడిపి, ఆరవ నిజాము మెప్పు పొంది, 'రాజా' బిరుదందుకొన్న దీన్‌దయాళ్ (1844–1905) ఆ గాజుపలకల కాలంవాడే. ఆయన తీసిన కోటల చిత్రాలు, దర్బారు చిత్రాలు చూస్తే, ఒక్కొక్క పలకనూ ఎంత ఆలోచించి ఖర్చుపెట్టాడో తెలుస్తుంది.

1888లో జార్జి ఈస్ట్‌మన్ 'కొడాక్' అనే పెట్టెను బజారులోకి తెచ్చాడు. వెల 25 డాలర్లు. లోపల నూరు చిత్రాలకు సరిపడే చుట్ట. అన్నీ తీశాక పెట్టెను పెట్టెగానే రోచెస్టరు ఊరికి పంపితే, 10 డాలర్లకు చిత్రాలు కడిగి, కొత్త చుట్ట ఎక్కించి తిరిగి పంపేవారు. తీసేవాడు చేయవలసినది మీట నొక్కడమే. 1900లో వచ్చిన 'బ్రౌనీ' వెల ఒక్క డాలరు! మొదటి ఏడాదిలోనే లక్షకు పైగా అమ్ముడయింది. గురి చూడకుండా తుపాకి పేల్చడాన్ని వేటగాళ్ళు 'స్నాప్‌షాట్' అనేవారు. ఆ మాట ఫోటోలకు అంటుకొన్నది. (కొడాక్ తొలి చిత్రాలు గుండ్రంగా ఉండేవి, బ్రౌనీ చిత్రాలు నలుచదరం. 2010లో ఇన్‌స్టాగ్రామ్ మొదలయినప్పుడు దాని చిత్రాలూ నలుచదరమే. కాలచక్రం అంటే ఇదే కాబోలు.)

ఇక ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ సంగతి. ఫోటో కూడ చిత్రలేఖనంతో సమానమైన కళేనని జీవితమంతా వాదించినవాడు. చేతికెమెరాను మొదట చిన్నచూపు చూశాడు. కాని 1893 ఫిబ్రవరిలో, న్యూయార్కు ఫిఫ్త్ అవెన్యూలో, మంచుతుఫానులో మూడు గంటలు నిలబడి, ఒక గుర్రపుబండి ఎదురుగా వచ్చే క్షణాన్ని పట్టినది ఆ చేతికెమెరాతోనే! ఆ పైన నెగెటివులో అనవసరమైన భాగాన్ని తీసివేసి, కావలసినంతనే అచ్చు వేశాడు. పనిముట్టు సులభమయినంత మాత్రాన పని సులభం కావలసిన పనిలేదు. ఆ మూడు గంటల నిరీక్షణను ఏ పెట్టెలోనూ పెట్టి అమ్మలేరు కదా.

నాకు అంతకన్న ముఖ్యంగా తోచినది ఆయన పత్రిక. 1903 నుండి 1917 దాకా 'కెమెరా వర్క్' పత్రికను తానే సంపాదకుడై, తానే ప్రకాశకుడై నడిపాడు. చిత్రాలను మేలైన కాగితం మీద గ్రావ్యూరు పద్ధతిలో అచ్చొత్తించి, ఒక్కొక్కటిగా చేతితో పుటలకు అంటింపజేసేవాడు. స్వయంప్రచురణ అంటే నేడు చులకనగా చూసేవారు ఈ సంచికలను ఒకసారి చూడాలి. మనకైనా ఇది తెలియనిదా? 1874లో 'వివేకవర్ధని' స్థాపించిన కందుకూరి వీరేశలింగంగారు, తాను చెప్పదలచినది చెప్పడానికి ఎవరి అనుమతికోసమూ కాచుకు కూర్చోలేదు. తరువాత రాజమహేంద్రవరంలో సొంత ముద్రాలయమే పెట్టుకొన్నారు.

స్టీగ్లిట్జ్ పత్రికకు ఒక దశలో చందాదారులు వెయ్యి దరిదాపుల ఉండేవారు. అభిరుచి మారింది, యుద్ధం వచ్చింది. చివరికి వచ్చేసరికి నలభైమంది కూడ మిగలలేదు. నేటి లెక్కలో చెప్పాలంటే నలభై 'లైకులు' రాని టపా! 1917 జూన్‌లో వెలువడిన ఆ చివరి జంటసంచికను పాల్ స్ట్రాండ్ అనే యువకుని చిత్రాలకు కేటాయించాడు. అందులో ఒకటి, మెడలో 'గుడ్డి' అని రాసిన పలక వేసుకొన్న స్త్రీ ముఖం. పత్రిక ఆగిపోయింది. కొన్నేళ్ళ తరువాత న్యూయార్కు ప్రజాగ్రంథాలయంలో, రచయిత కావాలని కలలుగంటున్న వాకర్ ఎవాన్స్ ఆ సంచిక తిరగవేస్తూ ఈ బొమ్మ దగ్గర ఆగాడు. ఫోటో ఇట్లా ఉండాలని అతనికి తోచింది. 1936లో అలబామా కౌలురైతుల ముఖాలను ప్రపంచానికి చూపినది ఆ ఎవాన్సే. నలభైమంది కూడ కొనని సంచిక చేరవలసిన చోటికి చేరింది. ఒక గ్రంథాలయం దాన్ని బీరువాలో ఉంచింది కనుక.

నేటి పరిస్థితి ఇక్కడే వేరుపడుతున్నది. చిత్రాలు కుప్పలు పడడం పాత సంగతే. చూపే క్రమం పరులపాలు కావడం కొత్తది. తన పత్రికలో ఏ చిత్రం తరువాత ఏ చిత్రం రావాలో, దాని చుట్టూ ఎంత ఖాళీ వదలాలో స్టీగ్లిట్జ్ నిర్ణయించాడు. 2016లో ఇన్‌స్టాగ్రామ్ కాలక్రమాన్ని వదలి, ఎవరికి ఏది ముందు చూపాలో యంత్రగణితం చేత తేల్చడం మొదలుపెట్టింది. తమది ఇక కేవలం చిత్రాలు పంచుకొనే చోటు కాదని 2021లో దాని పెద్దలే ప్రకటించారు. వీడియోలకు పెద్దపీట పడింది. అక్కడ ఏళ్ళ తరబడి నిశ్చలచిత్రాలు పేర్చుకొన్నవారి గతి ఏమిటి? 2004లో పుట్టిన ఫ్లికర్‌ది ఇంకొక తీరు. 2013లో ఒక టెరాబైటు చోటు ఉచితమన్నది. 2018లో చేతులు మారాక, ఉచిత ఖాతాకు వెయ్యి చిత్రాలే హద్దు అన్నది. ఉచితంగా ఇచ్చిన పీట ఎవరిదో, లాగినప్పుడుగాని తెలియదు.

ఇంతకన్న సూక్ష్మమైన నష్టం మరొకటి ఉన్నది. మెప్పు వెంటనే అంకెల రూపంలో కళ్ళబడుతుంటే, సృజనకారుడు తనకు తెలియకుండానే ఆ అంకె వైపు ఒరుగుతాడు. నిన్న సూర్యాస్తమయానికి మెప్పు వచ్చింది కనుక నేడూ సూర్యాస్తమయమే. ఆస్థానకవులకు రాజుగారి ముఖకవళికలు ఎట్లాంటివో, నేటివారికి ఆ అంకెలు అట్లాంటివి. రాజు ఒక్కడు కనుక అతని ఇష్టం తెలిసేది. ఈ సభలో రాజెవరో తెలియదు.

అట్లాగని అంతర్జాలాన్ని నిందించి ఊరుకోలేము. షికాగోలో పిల్లల ఆయాగా పనిచేసిన వివియన్ మేయరు (1926–2009) దశాబ్దాలపాటు వీధుల్లో తిరిగి లక్షకు పైగా చిత్రాలు తీసింది. ఎవరికీ చూపలేదనే చెప్పాలి. అద్దె కట్టక వేలానికి వచ్చిన ఆమె పెట్టెలను 2007లో కొన్నవారిలో జాన్ మాలూఫ్ ఒకడు. 2009లో, ఆమె కన్నుమూసిన కొన్ని నెలలకు, వాటిని ఫ్లికర్‌లో పెట్టి ఇవి ఏమి చేయదగినవని అడిగాడు. జవాబులు వెల్లువెత్తాయి. ప్రదర్శనలు, పుస్తకాలు, చలనచిత్రం, చివరికి హక్కులకోసం న్యాయస్థానంలో తగవు అన్నీ వచ్చాయి. ఏ సంపాదకుడూ చూడని పనిని నలుగురూ చూడగలిగినది ఈ కొత్త మార్గం వల్లనే.

కాని ఆమె వదిలివెళ్ళిన చుట్టల్లో వందలకొద్దీ కడగనివే. వాటిలో ఏమి పడిందో ఆమె కూడ చూడలేదు. ఉన్న నెగెటివుల్లో స్వయంగా అచ్చు తీయించుకొన్నవి కొద్ది. నేడు గోడలమీద, పుస్తకాలలో మనం చూస్తున్న వాటిలో ఎక్కువభాగం ఇతరులు ఏరి, ఇతరులు అచ్చు వేసి, ఇతరులు వరుస పెట్టినవి.